రెండు వారాల స్ప్రింట్లలో యూఎక్స్ డిజైన్: నా అనుభవం

యూఎక్స్ డిజైన్ (యూజర్ అనుభవాన్ని రూపొందించే పని) అంతా ముందే పూర్తి చేసి, స్క్రీన్లన్నీ ఒకేసారి డెవలపర్ల చేతికిచ్చే పద్ధతి మాది. జనవరిలో దాన్ని వదిలి, డిజైన్ కూడా స్ప్రింట్‌తో (ఎంచుకున్న కొంత పనిని పూర్తిచేసే చిన్న గడువుతో) పాటే నడిచే పద్ధతికి మారాం. మే చివరికి అది ఒక దారిన పడింది. ఈ మధ్యలో ఏ వారం ఏం జరిగింది, ఎక్కడ ఎంతసేపు ఎదురుచూడాల్సి వచ్చింది, దేనికి ఎన్ని గంటలు పోయాయి అన్నది రాస్తున్నాను. ఇదే మార్పులోకి దిగబోయే డిజైనర్లకూ, వాళ్లతో పనిచేసే డెవలపర్లకూ ముందే తెలిస్తే కొంత అలజడి తగ్గుతుంది.

టీమ్ చిన్నది. ఐదుగురు డెవలపర్లు, ఒక టెస్టర్, ఏది ముందు కట్టాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్, టీమ్ పని పద్ధతి సాఫీగా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్, డిజైనర్‌గా నేను. స్ప్రింట్ రెండు వారాలు. మొదటి సోమవారం ప్లానింగ్, రెండో శుక్రవారం రివ్యూ (కట్టింది చూపించే సమావేశం), రెట్రో (పని ఎలా సాగిందో మాట్లాడుకునే సమావేశం). మేం కడుతున్నది అపాయింట్‌మెంట్లు బుక్ చేసుకునే యాప్. ఉదాహరణలన్నీ అందులోని ఒకే ఫీచర్ నుంచి ఇస్తాను: ఒకసారి బుక్ చేసుకున్న సమయాన్ని మార్చుకోవడం. చూడటానికి రెండు స్క్రీన్ల పని. డిజైన్ ఎక్కడెక్కడ చిక్కుకుంటుందో అదంతా అందులోనే బయటపడింది.

మొదటి స్ప్రింట్ కన్నా ముందు

జనవరిలో రెండు వారాలు ఫీచర్ కోడ్ ఏదీ రాయని స్ప్రింట్‌గా పెట్టుకున్నాం. డెవలపర్లు టెస్ట్ సర్వర్లు, బిల్డ్ (కోడ్ నుంచి నడిచే యాప్ తయారుచేయడం) సంగతులు చూసుకున్నారు. డిజైన్ వైపు జరిగినవి ఇవి: సపోర్ట్ విభాగానికి వచ్చిన ఫిర్యాదులు చదవడం, ఉన్న స్క్రీన్లలో ఎన్ని రకాల బటన్లు, ఫారాలు, హెచ్చరికలు ఉన్నాయో జాబితా వేయడం, ప్రొడక్ట్ ఓనర్‌తో కూర్చుని స్టోరీ మ్యాప్ (యూజర్ వైపు నుంచి రాసే చిన్న పని ముక్కలు, అంటే స్టోరీల పటం) గీయడం, యూజర్ టెస్టింగ్‌కి మనుషుల్ని వెతకడం.

అన్నిటికన్నా ఆలస్యమైంది ఆ చివరిదే. గత మూడు నెలల్లో ఒక్కసారైనా అపాయింట్‌మెంట్ మార్చుకున్నవాళ్లు మాకు కావాలి. ఆ షరతు పెట్టగానే దొరికేవాళ్లు బాగా తగ్గిపోయారు. కబురు పంపిన రోజుకీ మనిషి వచ్చి కూర్చునే రోజుకీ మధ్య వారం, పది రోజులు పడుతుంది. స్క్రీన్ రికార్డ్ చేస్తాం కాబట్టి సమ్మతి పత్రం కావాలి, దాన్ని లీగల్ వాళ్లు చూడాలి. దానికి ఇంకో రెండు వారాలు. ఏం పరీక్షించాలో తేలాక మనుషుల్ని పిలుద్దామనుకుంటే, వాళ్లు వచ్చేసరికి స్ప్రింట్ ముగిసిపోతుంది.

అందుకని క్రమం తిరగేశాం. ప్రతి స్ప్రింట్‌లో రెండో బుధవారం టెస్టింగ్ రోజు. ఆ రోజుకు మనుషులు ముందే ఖాయం. అప్పటికి ఏది సిద్ధంగా ఉంటే అది వాళ్ల ముందు పెడతాం: క్లిక్ చేసే ప్రోటోటైప్ (నమూనా) కావచ్చు, కాగితం మీద గీసిన బొమ్మ కావచ్చు, టెస్ట్ సర్వర్‌లో నడుస్తున్న బిల్డ్ కావచ్చు. ఐదుగురు కావాలంటే ఆరుగుర్ని పిలవాలి, ఒకరు రాకపోవడం మామూలే. బుధవారమే ఎందుకంటే, గురువారం రిఫైన్‌మెంట్ (రాబోయే స్టోరీల వివరాలు తేల్చే సమావేశం), సోమవారం ప్లానింగ్. బుధవారం తెలిసిన విషయం గురువారానికల్లా స్టోరీలోకి ఎక్కుతుంది. శుక్రవారం టెస్ట్ చేస్తే అదే విషయం పూర్తి స్ప్రింట్ వెనకబడుతుంది.

ఈ రెండు వారాలూ డిజైనర్ మనసు కుదురుగా ఉండదు. చూపించడానికి ఒక్క అందమైన స్క్రీన్ కూడా ఉండదు. 'ఏమైనా గీశారా అండీ?' అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు చూపించాల్సింది స్టోరీ మ్యాప్. పైన యూజర్ చేసే పనులు వరుసగా, కింద ఒక్కో పనికి స్టోరీలు, అడ్డంగా గీతలు గీసి ఏది మొదటి విడుదలలో, ఏది తర్వాత అన్నది. మా మ్యాప్‌లో మొదటి గీత పైన మిగిలింది ఒకే ఒక్క దారి: అదే సర్వీస్, అదే చోటు, సమయం మాత్రమే మార్చుకోవడం. సర్వీస్ మార్చుకోవడం, ఇద్దరి కోసం బుక్ చేసినదాన్ని మార్చుకోవడం, వరుస అపాయింట్‌మెంట్లలో ఒకదాన్ని మార్చుకోవడం అన్నీ కిందికి వెళ్లాయి. ఈ కోత డిజైనర్ ఉండగా జరగాలి. లేకపోతే కోత కోడ్ ప్రకారం జరుగుతుంది. మొదటి స్ప్రింట్‌లో సర్వర్ భాగం, రెండో స్ప్రింట్‌లో స్క్రీన్ అన్నట్టు. అలా కోస్తే మొదటి స్ప్రింట్ చివర యూజర్ చేతిలో పెట్టడానికి ఏమీ ఉండదు.

ఒక అడుగు ముందు

ఆటోడెస్క్‌లో పనిచేసిన డెసిరే సై 2007లో ప్రచురించిన వ్యాసంలో రెండు సమాంతర దారుల పద్ధతి వివరంగా ఉంది. డెవలపర్లు ఈ స్ప్రింట్ స్టోరీలు కడుతుంటారు. డిజైన్ దారిలో ఉన్నవాళ్లు రాబోయే స్ప్రింట్‌కి డిజైన్ చేస్తారు, దాని తర్వాతి స్ప్రింట్‌కి సమాచారం సేకరిస్తారు, కిందటి స్ప్రింట్‌లో కట్టినదాన్ని యూజర్ల ముందు పెట్టి చూస్తారు. మేం ఎంచుకున్నది ఇదే.

డిజైనర్ ఒక్కరే ఉంటే ఇది రెండు పడవల ప్రయాణం కూడా కాదు, నాలుగు పడవలది. ఫిబ్రవరిలో వేసుకున్న లెక్కలో ఎక్కువ భాగం రాబోయే స్ప్రింట్‌కి కేటాయించాం. నడుస్తున్న స్ప్రింట్‌కి 'ఎవరైనా అడిగితే చూద్దాం' అన్నంతే. మొదటి స్ప్రింట్ రెండో రోజు నుంచే ప్రశ్నలు వచ్చిపడ్డాయి. ఏప్రిల్‌కి స్థిరపడిన లెక్క వేరు. పది పనిదినాల్లో సమావేశాలకు ఒకటిన్నర, నడుస్తున్న స్ప్రింట్ స్టోరీలకు మూడు, రాబోయే స్ప్రింట్‌కి మూడున్నర, టెస్టింగ్‌కీ దాని తయారీకీ ఒకటిన్నర, ఆ పై స్ప్రింట్ కోసం మిగిలేది అర రోజు. ఆ అర రోజు చాలదు. అయినా పూర్తిగా సున్నా కాకుండా చూసుకోవాలి. అది సున్నా అయిన స్ప్రింట్ తర్వాత, ఎందుకు కడుతున్నామో సరిగ్గా తెలియని స్టోరీలు ప్లానింగ్‌కి వచ్చాయి.

ముందు నడవడం అంటే ఒంటరిగా నడవడం కాదు. మొదటి వారం గురువారం నలభై నిమిషాలు, ఇద్దరు డెవలపర్లు, టెస్టర్, నేను. చేతిలో పెన్ను, కాగితాలు. ఫిగ్మా (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) తెరవం. రాబోయే స్ప్రింట్‌లోని ఒక స్టోరీని అందరూ గీస్తారు. సగం ఉడికిన ఆలోచనను అందరి ముందు పెట్టడం డిజైనర్లకు కష్టంగానే ఉంటుంది. అయితే ఈ నలభై నిమిషాల్లో తేలే సంగతులు తర్వాత రోజుల తరబడి పనిని కాపాడతాయి. ఉదాహరణకి: యూజర్ ఖాళీ సమయం ఎంచుకుని, వివరాలు సరిచూసుకుని, 'ఖాయం చేయండి' నొక్కేదాకా ఆ సమయం తన పేరనే ఉంటుందని నా బొమ్మలో ఉంది. సర్వర్ అలా పట్టి ఉంచదని, చివరి నొక్కు పడ్డాకే చూస్తుందని సర్వర్ వైపు డెవలపర్ చెప్పారు. అంటే రెండు నిమిషాల పాటు ఆలోచించి నొక్కిన మనిషికి 'ఈ సమయం ఇప్పుడే వేరేవాళ్లు తీసుకున్నారు' అన్న కబురు అందవచ్చు. ఆ స్క్రీన్ నా బొమ్మలో లేదు. సమయాన్ని కొద్ది నిమిషాలు పట్టి ఉంచే ఏర్పాటుకి సర్వర్‌లో ఎంత పనో అంచనా వేశారు, అది మొదటి విడుదలలో పట్టదు. కాబట్టి ఆ ఎర్రర్ స్క్రీన్‌కే దగ్గరలో ఉన్న మూడు ఖాళీ సమయాలు చేర్చాం, మళ్లీ క్యాలెండర్ మొదటికి వెళ్లక్కర్లేకుండా. ఇదే విషయం కోడ్ రాశాక తెలిసి ఉంటే, అక్కడొక ఎర్రర్ పెట్టె పెట్టి ముందుకు పోయేవాళ్లం.

బోర్డు మీద డిజైన్ పని ఎక్కడ పెట్టాలి

టీమ్ పని కార్డులన్నీ కనిపించే ఆ బోర్డు సంగతి మీద రెండు రెట్రోలు నడిచాయి. మొదట డిజైన్‌కి వేరే స్టోరీ, దానికి పాయింట్లు (పని ఎంతో అంచనా వేసే అంకెలు) అని పెట్టాం. ఫలితం: డిజైన్ స్టోరీ 'పూర్తయింది' కాలమ్‌లోకి వెళ్లిపోతుంది, పాయింట్లు లెక్కలో చేరతాయి, యూజర్‌కి మాత్రం ఏమీ అందదు. తర్వాత కోడ్ రాసేటప్పుడు మార్పు కావాలంటే, ముగిసిన కార్డుని తెరవడానికి ఎవరికీ చేయి రాదు.

చివరికి కుదిరింది ఇలా. ఈ స్ప్రింట్ స్టోరీకి సంబంధించిన డిజైన్ పని అదే స్టోరీ కింద ఉపపనిగా ఉంటుంది. రాబోయే స్ప్రింట్లకు సంబంధించినది అదే బోర్డు మీద వేరే వరుసలో ఉంటుంది. దానికి పాయింట్లు ఉండవు, గడువు ఉంటుంది: రెండు రోజులు, లేదా బుధవారం వరకు. గడువు తీరాక తెలిసినంత మేరకే నిర్ణయం. వేరే బోర్డు పెట్టుకోమని మాకూ సలహాలు వచ్చాయి. పెట్టుకోకండి. స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న సమావేశంలో) కనిపించని పని ఎవరికీ గుర్తుండదు, ఒత్తిడి వచ్చినప్పుడు మొదట ఎగిరిపోయేది అదే.

స్టోరీ ప్లానింగ్‌కి రావాలంటే ఏమేం ఉండాలన్న జాబితా స్క్రమ్ గైడ్‌లో (ఈ స్ప్రింట్ల పద్ధతిని వివరించే మూల పత్రంలో) లేదు, అందులో ఉన్నది పని పూర్తయిందనడానికి నిర్వచనం మాత్రమే. మేం రెండూ రాసుకున్నాం. మొదటి దాన్ని చిన్నగా ఉంచడం ముఖ్యం. పిక్సెల్ దాకా తేలిన స్క్రీన్ కావాలని అందులో రాస్తే, మళ్లీ పాత పద్ధతే వెనక తలుపు గుండా వస్తుంది. మా జాబితాలో ఉన్నవి: ప్రధాన దారి బొమ్మ, స్థితుల పట్టిక, తెర మీద కనిపించే మాటలు, అంగీకార షరతులు, ఏయే నొక్కులు కొలవాలో ఆ ఈవెంట్ పేర్లు. బొమ్మ ఎంత గరుకుగా ఉన్నా ఫర్వాలేదు. ఉన్న కాంపొనెంట్లతోనే (బటన్, ఫారం లాంటి తయారుగా ఉన్న ముక్కలతోనే) అయ్యే స్క్రీన్‌కి పెన్ను బొమ్మే చాలు, డెవలపర్ దాంతోనే కట్టేస్తారు. కొత్త కాంపొనెంట్ ఉంటేనే ఫిగ్మాలో పూర్తి కొలతలతో గీస్తాను.

స్థితుల పట్టిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్ప్రింట్ మధ్యలో వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. ప్రతి స్క్రీన్‌కి ఈ ప్రశ్నలకు ఒక్కో వరుసలో జవాబు రాస్తాం. డేటా వచ్చేలోపు ఏం కనిపిస్తుంది? డేటా అసలు లేకపోతే? సగమే వస్తే? సర్వర్ కాదంటే? నెట్ పోతే? లాగిన్ గడువు తీరిపోతే, తిరిగి లాగిన్ అయ్యాక ఎక్కడికి వస్తారు? బటన్ రెండుసార్లు నొక్కితే? పేరు మరీ పొడుగైతే? వెనక్కి బటన్ నొక్కితే ఎంచుకున్నది ఉంటుందా, పోతుందా?

డేటా వచ్చేలోపు అన్నదానికి యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ ప్రచారంలోకి తెచ్చిన మూడు హద్దులు ఇప్పటికీ పనికొస్తాయి: 0.1 సెకను లోపు అయితే వెంటనే జరిగినట్టే, 1 సెకను దాకా ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే మనిషి దృష్టి వేరే పని మీదకు పోతుంది. ఖాళీ సమయాల జాబితా మా టెస్ట్ సర్వర్‌లో ఎక్కువసార్లు సెకను లోపే వస్తోంది. అక్కడ తిరిగే చక్రం పెడితే అది మెరిసి మాయమై, తెర అదిరినట్టు కనిపించింది. సెకను దాటితేనే చూపించమని షరతు రాశాం. ఒక్క వాక్యం. అది స్టోరీలో లేకపోతే డెవలపర్‌కి తెలిసే దారి లేదు.

రెండుసార్లు నొక్కడం కూడా అలాంటిదే. నెట్ నెమ్మదిగా ఉంటే మనుషులు మళ్లీ నొక్కుతారు. బటన్‌ని ఆపేయడం స్క్రీన్ పని, ఒకే కోరిక రెండుసార్లు వస్తే ఒకసారే లెక్కించడం సర్వర్ పని. రెండూ కావాలి. రెండోది డిజైన్ పట్టికలో రాయడం వింతగా అనిపించవచ్చు. రాయండి, ఎవరి పనో రిఫైన్‌మెంట్‌లో తేలుతుంది.

మాటల సంగతి. ప్రోటోటైప్‌లో నింపుడు వాక్యాలు పెట్టకూడదని మార్చిలో నియమం పెట్టుకున్నాం. అసలు మాటలు ఉంటేనే అసలు ఇబ్బంది తెలుస్తుంది. ఇంగ్లీషులో ఒక చిన్న మాటతో సరిపోయే బటన్ తెలుగులో రెండు మాటలయి రెండో వరుసకు దిగింది. ఎత్తు ఖాయం చేసిన పెట్టెలో కింది వత్తులు తెగిపోయాయి. ఎత్తు ఖాయం చేయకుండా లోపలి ఖాళీని ఖాయం చేస్తే పెట్టె తనే పెరుగుతుంది. ఇది కాంపొనెంట్‌లో ఒకసారి సరిచేస్తే అన్ని స్క్రీన్లలో సరిపోయింది.

టెస్టింగ్ బుధవారం

ఉదయం ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు. ఒక్కొక్కరికి నలభై ఐదు నిమిషాలు, మధ్యలో పావుగంట విరామం. ప్రతిసారీ ఒక డెవలపర్ వంతుల వారీగా పక్క గదిలో కూర్చుని చూస్తారు. రాయాల్సిన పద్ధతి ఒకటే: ఒక చీటీ మీద ఒక్క సంగతి, చూసింది లేదా విన్నది. అభిప్రాయాలు చీటీల మీదకు రావు.

ఐదుగురు సరిపోతారా అన్న ప్రశ్న ప్రతి టీమ్‌లోనూ వస్తుంది. నీల్సన్, లాండౌయర్ 1993లో ఇచ్చిన లెక్కలో ఒక్క యూజర్‌కి సగటున 31 శాతం సమస్యలు బయటపడతాయి. ఆ లెక్కన ఐదుగురితో దాదాపు 85 శాతం. అయితే ఆ 31 సగటు మాత్రమే. పదిమందిలో ఒక్కరికే ఎదురయ్యే సమస్య అయితే, ఐదుగురిలో ఒక్కరికైనా అది కనిపించే అవకాశం 41 శాతమే. కాబట్టి ఐదుగురికీ బాగానే ఉందంటే సమస్య లేదని అర్థం కాదు. ప్రతి స్ప్రింట్‌లో మళ్లీ ఐదుగుర్ని చూస్తాం కాబట్టే మాకు ఈ సంఖ్య సరిపోతోంది.

మైక్రోసాఫ్ట్‌లో పుట్టిన రైట్ (RITE) అనే టెస్టింగ్ పద్ధతి 2002లో ప్రచురితమైంది. సమస్యకు కారణం, పరిష్కారం రెండూ స్పష్టంగా ఉంటే, ఒక్క యూజర్ తర్వాతైనా సరే ప్రోటోటైప్‌ని మార్చేసి, మార్పు పనిచేసిందో లేదో తర్వాతి వాళ్లతో చూడటం. స్ప్రింట్‌లో దీనికి మించినది లేదు. ఉదయం ముగ్గురు అయ్యాక గంటన్నర దొరుకుతుంది, ఆ సమయంలో మార్చి మధ్యాహ్నం ఇద్దరికి చూపిస్తాం. కారణం అర్థం కాని సమస్యను మాత్రం ముట్టుకోం, చీటీ రాసి ఉంచుతాం.

మార్చిలో జరిగిన టెస్టింగ్ ఈ పద్ధతి విలువ ఏమిటో టీమ్ అందరికీ చూపించింది. 'సమయం మార్చండి' బటన్ అందరికీ దొరికింది. కొత్త సమయం ఎంచుకునే చోట ఉదయం వచ్చిన ముగ్గురూ ఆగారు. క్యాలెండర్ అర్థం కాక ఆగలేదు. 'ఇది నొక్కితే నా పాత టైమ్ పోతుందా? కొత్తది దొరక్కపోతే ఎలా?' అన్నది వాళ్ల భయం. ఒకరు వెనక్కి వెళ్లిపోయి, ఫోన్ చేసి మార్చుకుంటానన్నారు. సపోర్ట్ ఫిర్యాదుల్లో ఇదే విషయం వేరే రూపంలో ఉంది, చదివినప్పుడు దాని బరువు అంతగా తెలియలేదు.

మధ్యాహ్నానికి స్క్రీన్ పైభాగంలో పాత సమయం కనిపించేలా పెట్టి, కింద ఒక వాక్యం చేర్చాం: 'కొత్త సమయం ఖాయమయ్యేదాకా మీ పాత సమయం అలాగే ఉంటుంది.' ఆ తర్వాత వచ్చిన ఇద్దరూ ఆగకుండా పూర్తి చేశారు.

ఇక్కడే అసలు మలుపు. ఆ వాక్యం నిజం కావాలి కదా. సర్వర్ అప్పటిదాకా పాతది రద్దు చేసి, తర్వాత కొత్తది బుక్ చేసేది, ఎందుకంటే ఒక మనిషికి ఒక సర్వీస్‌లో ఒకే అపాయింట్‌మెంట్ అన్న నియమం ఉంది. మధ్యలో తెగితే యూజర్‌కి రెండూ ఉండవు. వాక్యం నిజం కావాలంటే కొత్తది ముందు బుక్ చేసి, తర్వాత పాతది వదలాలి, ఆ కొద్ది క్షణాలు నియమాన్ని సడలించాలి, రెండో మెట్టు విఫలమైతే ఏం చేయాలో రాసుకోవాలి. గురువారం రిఫైన్‌మెంట్‌లో గంటసేపు దీని మీదే నడిచింది. స్టోరీ 3 పాయింట్ల నుంచి 8కి పెరిగింది. ప్రొడక్ట్ ఓనర్ ముఖంలో ఆందోళన కనిపించింది. పక్క గదిలో కూర్చుని చూసిన డెవలపరే మాట్లాడారు: 'నేను చూశానండీ, ముగ్గురికి ముగ్గురూ అక్కడే ఆగారు.' నివేదిక పంపి ఉంటే ఆ మాటకు అంత బలం వచ్చేది కాదు. వేరే రెండు చిన్న స్టోరీలు కిందికి జరిగాయి, ఇది వచ్చింది.

సెషన్లు అయిన సాయంత్రమే నలభై ఐదు నిమిషాలు కూర్చుని చీటీలు గుంపులు కట్టి, సమస్య తీవ్రతకు 0 నుంచి 4 దాకా అంకె వేస్తాం. 3, 4 అయితే మర్నాడే బ్యాక్‌లాగ్‌లోకి (చేయాల్సిన పనుల జాబితాలోకి). విడిగా నివేదిక రాయడం మానేశాం. కార్డుకి వీడియోలోని ముప్పై సెకన్ల ముక్క అతికిస్తే చాలు.

స్ప్రింట్ నడుస్తుండగా

ప్రశ్నలు ఎక్కువగా వచ్చేది మొదటి వారం మంగళ, బుధ, గురువారాల్లో. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ పెట్టుకోవాలి. డెవలపర్ అడిగిన ప్రశ్నకు అర పనిదినంలోపు జవాబు రాకపోతే తనకు తోచింది కట్టేస్తారు. అది వాళ్ల తప్పు కాదు. అందుకని మేం ఒక ఒప్పందం చేసుకున్నాం: నేను దొరక్కపోతే, కాంపొనెంట్ లైబ్రరీ చూసుకునే డెవలపర్ నిర్ణయించవచ్చు, ఆ నిర్ణయాన్ని కార్డులో ఒక వాక్యంగా రాయాలి.

ఫిగ్మా ఫైల్‌లో రెండు పేజీలు వేరుగా ఉండాలి, ఆలోచనలది ఒకటి, కట్టడానికి సిద్ధమైనది ఒకటి. కార్డులో ఫైల్ లింక్ కాకుండా ఆ ఫ్రేమ్ లింక్ ఇవ్వాలి. స్ప్రింట్ మొదలయ్యాక సిద్ధమైన పేజీలో చడీచప్పుడు లేకుండా ఏదీ మార్చకూడదు. డిజైన్ మారి కార్డు మారకపోతే, టెస్టర్ పాత షరతులతో పరీక్షిస్తారు, డెవలపర్ కొత్త బొమ్మతో కడతారు, ఇద్దరి మధ్యా బగ్ కార్డు బంతిలా తిరుగుతుంది. కాంపొనెంట్ల పేర్లు డిజైన్‌లోనూ కోడ్‌లోనూ ఒకటే ఉండాలి. దీనికి ఫిబ్రవరిలో దాదాపు ఒక రోజు పట్టింది. అప్పటినుంచి 'ఏ బటన్?' అన్న ప్రశ్న వినిపించలేదు.

డెవలపర్ రాసిన కోడ్ అసలు కోడ్‌లో విలీనం కాకముందే డిజైన్ చూపు పడాలి. స్క్రీన్‌షాట్ చాలదు, నడుస్తున్న ప్రివ్యూ లింక్ కావాలి. పావుగంట పని. చూసేవి: కీబోర్డ్‌తో మాత్రమే పని పూర్తవుతుందా, ఎంపిక ఎక్కడుందో కనిపిస్తోందా, మామూలు అక్షరాలకు రంగుల తేడా కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉందా. 320 పిక్సెల్‌ల వెడల్పులో పక్కకు జరపకుండా చదవగలమా. నొక్కే చోట్లు కనీసం 24×24 పిక్సెల్‌లు ఉన్నాయా. ఆఖరిది వెబ్‌ని అందరూ వాడుకోగలిగేలా చేసే ప్రమాణాల్లో 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో చేరిన షరతు. మా క్యాలెండర్‌లో నెల మార్చే బాణాలు దీనికి తక్కువగా ఉన్నాయి, నొక్కే చోటు పెంచితే బొమ్మ మార్చకుండానే సరిపోయింది.

ఎప్పుడు చూడాలన్నది ఇంకా ముఖ్యం. మొదట్లో అన్ని లింకులూ రెండో గురువారం ఒకేసారి వచ్చేవి. ఆ రోజు దొరికిన ప్రతి లోపం 'తర్వాతి స్ప్రింట్‌లో చేద్దాం' అన్న కార్డుగా మారేది, ఆ కార్డుల్లో చాలా భాగం తర్వాతి స్ప్రింట్‌కి ఎప్పటికీ రాలేదు. ప్రధాన దారి ఒక్కటి నడవగానే, ఎర్రర్లు, మెరుగులు ఏమీ లేకుండానే, లింక్ పంపమని అడిగాం. దాంతో చూపు మొదటి శుక్రవారానికి జరిగింది. డిజైన్ చూపు పడందే పూర్తయినట్టు కాదని నిర్వచనంలో కూడా రాశాం. ఆ తర్వాత కూడా మిగిలిపోయిన లోపాలకు ఒక గుర్తు పెట్టి, ప్రతి ప్లానింగ్‌లో వాటిలో ఒక్కటైనా తీసుకోవాలన్నది ప్రొడక్ట్ ఓనర్ ఒప్పుకున్న మాట.

ముక్కలు కలిసి ఒక స్క్రీన్ కావడం

ఏప్రిల్ చివర ఎదురైన ఇబ్బంది ఎవరూ ముందు చెప్పరు. స్టోరీ స్టోరీకీ స్క్రీన్ మీద ఒక్కో వస్తువు చేరుతుంది. సమయం మార్పు, తర్వాత సర్వీస్ మార్పు, తర్వాత రద్దు. ఒక్కో స్టోరీ విడిగా బాగుంది, అన్ని పరీక్షలూ దాటింది. మూడూ కలిసిన స్క్రీన్ మీద ఒకే రకం బటన్లు మూడు, ఏది ముఖ్యమో తెలియదు. చిన్న ముక్కలుగా కోయడంలో ఉన్న సహజమైన ప్రమాదం ఇది. దీనికి మేం చేసింది: ఫీచర్ మొత్తం పూర్తయితే ఎలా ఉంటుందో గరుకు బొమ్మ ఒకటి గోడ మీద ఎప్పుడూ ఉంటుంది, ప్రతి రివ్యూ రోజున దాని పక్కన ఇప్పటి స్క్రీన్ పెట్టి చూస్తాం. రెండూ దూరమైపోతే, స్క్రీన్‌ని సర్దే స్టోరీ ఒకటి రాస్తాం. కొత్త ఫీచర్ ఏమీ ఇవ్వని ఆ స్టోరీకి చోటు సంపాదించడం తేలిక కాదు. టెస్టింగ్ వీడియో ముక్క ఇక్కడ కూడా ఉపయోగపడింది.

విడుదల మొదట కొద్దిమందికే, ఫీచర్ ఫ్లాగ్ (ఫీచర్‌ని కొందరికే తెరిచే స్విచ్) వెనక. ఈవెంట్ పేర్లు స్టోరీలోనే ఉండాలని ముందు చెప్పాను కదా. ఒక స్టోరీలో అవి జారిపోయాయి, ఆ స్క్రీన్ గురించి రెండు వారాల అంకెలు లేకుండా పోయాయి, తర్వాతి విడుదల దాకా ఎదురుచూడటం తప్ప దారి లేదు.

మేలో, వాడటం ఎంత తేలికో కొలిచే ఎస్‌యూఎస్ ప్రశ్నావళి ఇచ్చాం. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసినది, పది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. బేసి వాక్యాల్లో అంకె నుంచి 1 తీసేయాలి, సరి వాక్యాల్లో 5 నుంచి అంకె తీసేయాలి, అన్నీ కూడి 2.5తో హెచ్చించాలి. వచ్చేది 0 నుంచి 100 మధ్య ఉంటుంది, శాతం కాదు. సగటు 68 దగ్గర ఉంటుందని లెక్క. ప్రతి స్ప్రింట్‌లో ఇవ్వకండి, ఐదుగురి జవాబులతో అంకె అటూ ఇటూ ఊగిపోయి లేనిపోని సంబరమో దిగులో మిగులుతుంది. మేం విడుదలకు ఒకసారి, ఎక్కువమందికి ఇస్తున్నాం.

జూన్ నుంచి రెండో టీమ్‌కి కూడా నన్నే డిజైనర్‌గా ఉండమన్నారు. పైన రాసిన పది రోజుల లెక్క చూపించాను. రెండు టీమ్‌ల ప్లానింగ్ ఒకే సోమవారం పడితే ఆ వారమంతా ప్రశ్నలే, రెండో బుధవారం రెండు టెస్టింగ్‌లు. ఇప్పటికి కుదిరిన ఏర్పాటు: రెండో టీమ్ స్ప్రింట్ ఒక వారం జరిపి మొదలవుతుంది, టెస్టింగ్ బుధవారం ప్రతి వారం ఉంటుంది, ఒక్కో వారం ఒక్కో టీమ్ పని. వాళ్ల స్టోరీల్లో, ఇప్పటికే ఉన్న కాంపొనెంట్లతో అయ్యేవాటికి పెన్ను బొమ్మే ఇస్తాను. కొత్త కాంపొనెంట్ స్ప్రింట్‌కి ఒకటి మించకూడదు. మనుషుల్ని పిలిచే పని సపోర్ట్ విభాగంలో ఒకరు తీసుకున్నారు, సమ్మతి పత్రం రెండు టీమ్‌లకూ సరిపోయేలా ఇప్పుడే లీగల్‌కి పంపాం, రెండు వారాల్లో రావాలి.